అమ్ములపొది ఖాళీ అయ్యాక

స్నాతకం అయ్యాక పెళ్లికొడుకు గొడుగు, చేతికర్ర పట్టుకుని, పాదుకలు వేసుకుని కాశీకి బయలుదేరతాడు. నాలుగడుగులు వేశాడో లేదో, పెళ్లికూతురి అన్నో తమ్ముడో ఎదురొచ్చి చేతిలో బెల్లంముక్క పెడతాడు. ‘సన్యాసం ఎందుకు బావా, మా పిల్లనిస్తాం, గృహస్థుడివై ఉండు’ అని బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. కృష్ణాతీరంలో చాలా ఇళ్ల పెళ్లిళ్లలో ఇప్పటికీ జరిగే తంతు ఇది. పందిట్లో దాన్ని వేడుకగానే చూస్తాం. నాకు మాత్రం ఆ కాసేపట్లో గృహస్థాశ్రమం మొత్తం కనిపిస్తుంది. అక్కడ ఒక యాత్ర ఆగింది, రద్దు కాలేదు. ఒంటరిగా పోవద్దన్నారు, అసలు పోనే వద్దనలేదు. ఆ తరువాత అగ్ని పక్కన ఏడడుగులు వేయిస్తారు. ఏడో అడుగుతో ఆ ఇద్దరూ స్నేహితులవుతారని మంత్రార్థం. ఒక్కడి నడకను ఆపి, ఇద్దరి నడకగా మార్చి మళ్లీ మొదలుపెట్టించారన్నమాట.

ఆ నడక ఆ తరువాత ముప్పై, నలభై ఏళ్లు ఇంటి చుట్టూనే తిరుగుతుంది. పిల్లల చదువులు, కౌలు లెక్కలు, పెద్దవాళ్ల మందులు, ఆడపిల్ల పెళ్లి. అన్నీ ఒడ్డెక్కాక మా పెద్దలు కాశీకో రామేశ్వరానికో బయలుదేరేవారు. ఇప్పుడు విజయవాడలో, గుడివాడలో, తెనాలిలో నాకు తెలిసిన జంటలు కాశీతోపాటు బ్యాంకాక్, సియమ్ రీప్, బాలి, కొలంబో అంటున్నారు. వాళ్లేమీ కలిగినవాళ్లు కారు. రిటైరైన మాస్టారు, ఆర్టీసీలో పనిచేసినాయన, చిన్న కిరాణా కొట్టు వాళ్లు. ఆవిడ చీటీ పాడిన డబ్బు, ఆయన పెన్షన్‌లో మిగిల్చింది కలిపి టికెట్లు తీసుకుంటారు. దీన్ని ‘షికారు’ అని తేలిక చేసేవాళ్లతో నేను ఒప్పుకోను. తక్కువ డబ్బుతో, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, భాష తెలియని దేశంలో తిరగడం ఒక వ్రతం కాగలదు. పెళ్లినాడు ఆగిన కాశీయాత్రకు అది రెండో సగం కాగలదు.

కేరళలో కొచ్చి నగరంలో విజయన్, మోహన అనే దంపతులు చిన్న టీకొట్టు నడుపుతూ, రోజూ కొంత దాచి, చాలనిదానికి అప్పు చేసి, తిరిగొచ్చి ఆ అప్పు తీర్చి, మళ్లీ బయలుదేరుతూ పాతిక దేశాలకు పైగా చూశారు. 2021 నవంబరులో విజయన్ గారు కన్నుమూసే దాకా ఆ జంట అలాగే తిరిగింది. గ్లాసులు కడిగిన చేతులతోనే వాళ్లు ఆ దేశాలన్నీ చూశారు. ఆ దంపతులను తలుచుకున్నప్పుడల్లా యాత్రకు అర్హత డబ్బు ఇచ్చేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

శాస్త్రం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. బౌధాయన ధర్మసూత్రం పతనహేతువుల పట్టీని సముద్రయానంతోనే మొదలుపెట్టింది. మరి సముద్రం దాటడం తప్పు కాదా? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. ముందు మన నేల ఏం చేసిందో చూద్దాం. టాలెమీ రెండో శతాబ్దంలో రాసిన భూగోళంలో మైసోలియా అన్న పేరుతో మన తీరం ఉంది. అందులోని కంటకస్సిల రేవు ఇప్పటి ఘంటసాల అని చరిత్రకారుల మాట. ఆ రేవుల వరుసలోనే, సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచే చోటు కూడా చెప్పాడు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో శివకుడనే మహానావికుడి పేరుంది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ ఉంది. అమరావతి శిల్పుల పోకడలున్న బుద్ధ విగ్రహాలు వియత్నాంలోని డాంగ్ డ్యూంగ్‌లోనూ, ఇండోనేసియాలోని సులవేసీలోనూ దొరికాయి. దివిసీమ పక్కనుంచి బయలుదేరిన ఓడల వెంట మన దేవుళ్లూ మన కథలూ ప్రయాణం చేశాయి. రామాయణంలో సుగ్రీవుడు వానరులను తూర్పు దిక్కుకు పంపేటప్పుడు యవద్వీపం పేరు చెప్పి మరీ వెతకమంటాడు. భార్య కోసం భర్త చేయించిన వెతుకులాటలో జావా ద్వీపం కూడా ఉందన్నమాట.

మరి నిషేధం దేనికి? నాకు తోచినది చెబుతాను, పండితులు సరిదిద్దవచ్చు. గృహ్యాగ్ని దంపతులిద్దరిదీ. భార్య పక్కన లేనిదే యజమానికి కర్మాధికారం నిండదు. ఆ రోజుల్లో ఓడ ఎక్కింది మగవాడు ఒక్కడే. ఆమె ఏళ్ల తరబడి గడప దగ్గర నిలబడి ఎదురు చూసింది. అగ్ని ఆరిపోయింది, ఇల్లు రెండు ముక్కలైంది. ఆ నిషేధం ఉప్పునీటి మీద పెట్టింది కాదనీ, ఇంటిని వదిలేసి పోయే పోకడ మీద పెట్టిందనీ నేను అర్థం చేసుకున్నాను. ఇద్దరూ కలిసి వెళితే ఇల్లే కదిలి వెళ్లినట్టు. ఆ ప్రయాణంలో పడిపోవడానికి ఏమీ లేదు.

ఇంద్రకీలాద్రి నీడలో పెరిగినవాళ్లకు ఈ సంగతి ఇంకో దారిలో తెలియాలి. మన కొండకు ఉన్న కథే యాత్రికుడి కథ. పాశుపతం సంపాదించడానికి అర్జునుడు ఒంటరిగా ఉత్తరానికి నడుస్తూ ఇంద్రకీలం చేరేసరికి ‘ఆగు’ అని మాట వినిపిస్తుంది. చెట్టు కింద ఒక తపస్వి కూర్చుని ఉంటాడు. ఇది శాంతుల చోటు, ఇక్కడ ఆయుధాలతో పని లేదు, ఆ విల్లు పక్కన పడెయ్ అంటాడు. ఆయన ఇంద్రుడు. ఆ తరువాత తపస్సు, మూకాసురుడు పంది రూపంలో రావడం, కిరాతుడి బాణమూ అర్జునుడి బాణమూ ఒక్కసారే దాన్ని తాకడం, ‘నాది’ అంటే ‘నాది’ అని కొట్లాట. నన్నయ తెలుగు చేసిన అరణ్యపర్వంలో మన భాషలోకి వచ్చిన ఘట్టమిది. బెజవాడలో త్రికోటిబోయి అనే అతడు వెయ్యేళ్ల క్రితం ఈ కథను రాతిస్తంభం మీద చెక్కించి నిలిపాడు.

నన్నయ కాలమైన పదకొండో శతాబ్దంలోనే, తూర్పు జావాలో ఐర్లంగ రాజు కొలువులో ఉన్న ఎంపు కన్వ అనే కవి ఇదే కథను అర్జునవివాహ కావ్యంగా రాశాడు. అక్కడా తపస్సు చేసిన కొండ పేరు ఇంద్రకీలమే. తూర్పు జావాలో అర్జునుడి పేరుతో ఒక పర్వతం ఇప్పటికీ ఉంది. కెదిరి దగ్గర సురావన గుడి గోడల మీద ఆ కావ్యఘట్టాలు చెక్కి ఉన్నాయి. చౌక విమానం టికెట్‌తో జావా దాకా పోయిన బెజవాడ జంట ఆ గోడ ముందు నిలబడితే, వాళ్లు చూసేది పరాయి దేశపు శిల్పం కాదు. తమ ఊరి స్థలపురాణమే అక్కడ ఉంది.

ఈ కథలో మనం చదివీ చదవనట్టు వదిలేసే సంగతి ఒకటుంది. కిరాతుడు ఒక్కడే రాలేదు. ఉమాదేవి కూడా అదే వేషంలో వెంట వచ్చింది. లోకాలకు తల్లిదండ్రులైనవాళ్లు నగలు, కిరీటాలు అన్నీ వదిలి, అడవి మనుషుల బట్టల్లో, కాలినడకన కలిసి తిరిగారు. ఆదిదంపతుల యాత్ర అంత తేలికైన మూటతో సాగింది. చౌక విమానాల్లో చేతిసంచికి 7 కిలోలే అంటారు. ఆ 7 కిలోలకు ఏం సర్దాలా అని రాత్రంతా కూర్చున్న ప్రతి ఇల్లాలికీ, ప్రతి ఇంటాయనకూ ఈ కిరాతవేషం గుర్తు రావాలి. రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు, కందిపొడి పొట్లం, గోంగూర పచ్చడి సీసా. తక్కినదంతా ఇంట్లోనే ఉండిపోతుంది. ఏది లేకుండా బతకగలమో తెలియడం వైరాగ్యానికి మొదటి పాఠం. యోగశాస్త్రం దానికి అపరిగ్రహం అని పేరు పెట్టి యమాల్లో చేర్చింది.

ఇప్పుడు కొట్లాట దగ్గరికి వద్దాం. అర్జునుడిది అక్షయతూణీరం, అగ్నిదేవుడి వరం. తీసిన కొద్దీ అమ్ములు వచ్చే పొది. కిరాతుడి ముందు అది ఖాళీ అయింది. విల్లు పోయింది, కత్తి విరిగింది. చెట్లు, రాళ్లు విసిరాడు. చివరికి ఒట్టి చేతులతో కలబడి సొమ్మసిల్లి పడ్డాడు. లేచాక చేతిలో ఏమీ లేక, మట్టితో శివుణ్ణి చేసి పూలదండ వేశాడు. ఆ దండ ఎదురుగా ఉన్న కిరాతుడి తల మీద కనిపించింది. అప్పుడు గానీ తెలియలేదు, ఇంతసేపూ కలబడ్డది ఎవరితోనో. పొది నిండుగా ఉన్నంతసేపూ ఆయన ఎదుటివాడే. ఖాళీ అయ్యాక దేవుడు.

డబ్బుకూ ఇదే వర్తిస్తుంది. చాలినంత ఉన్నవాడికి ప్రతి ఇబ్బందికీ ఒక బాణం ఉంటుంది. ఎండ అయితే ఏసీ కారు, తిండి నచ్చకపోతే ఇండియన్ రెస్టారెంట్, భార్యతో మాట పడకపోతే ఇంకో గది. లెక్క చూసుకుని తిరిగే జంటకు ఆ బాణాలు లేవు. దారి తెలియకపోతే మనిషిని అడగాలి. వియత్నాంలో శాకాహారం కావాలంటే ‘చాయ్’ అని బోర్డున్న చిన్న హోటలు వెతుక్కోవాలి. చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు అక్కడి బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు కనుక ఆ రెండు రోజులు ఆ హోటళ్లు కిటకిటలాడతాయి. ఏకాదశి ఉపవాసాల ఇంటినుంచి వెళ్లిన ఆవిడ, పరాయి ఊళ్లో అమావాస్య లెక్కతో భోజనం చేసే ముసలమ్మ పక్కన బల్ల మీద కూర్చుని తింటుంది. ఐదు నక్షత్రాల హోటల్లో ఈ పంక్తి దొరకదు. ఇంకో సంగతి నన్ను బాగా కదిలిస్తుంది. ఇంట్లో ఆయన తిన్నాక, పిల్లలు తిన్నాక, చివర్న వంటింట్లో పీట వేసుకుని తిన్న ఇల్లాలు, బాలిలో ‘వారుంగ్’ అనే చిన్న తిండికొట్టులో భర్తతో ఒకే వేళకు, ఒకే బల్ల దగ్గర కూర్చుంటుంది. మూడో మనిషి ఇద్దరికీ వడ్డిస్తుంది. పెళ్లిరోజున బంతిభోజనంలో పక్కపక్కన కూర్చున్నాక మళ్లీ ఇప్పుడే అలా కూర్చున్న జంటలు మనలో ఎందరున్నారో!

పంది ఎవరిదన్న తగువు కూడా యాత్రలో తప్పదు. ‘ఆ బస్సు వద్దని నేను ముందే చెప్పాను కదండీ’ అని ఆవిడ, ‘నువ్వే కదా చౌక అన్నావు’ అని ఆయన. ఇంట్లో అయితే ఒకరు వసారాలోకి, ఒకరు పెరట్లోకి పోతారు. చౌక గదిలో మంచం ఒకటే, కుర్చీ ఒకటే. తగువు ఎటూ పోలేక ఆ ఇద్దరి మధ్యనే కూర్చుంటుంది. అప్పుడు దాన్ని తేరిపార చూడవచ్చు. బాణాలు రెండూ ఒకే గురిని తాకాయి, గురి మాత్రం ఇద్దరిదీ. మమకారం ఎంత చిన్న వస్తువును పట్టుకుని ఎంత పెద్ద యుద్ధం చేస్తుందో తెలిసిన క్షణం, పూలదండ ఎదుటి మనిషి తల మీద కనిపించిన క్షణం లాంటిదే. భార్యలో, భర్తలో ఈశ్వరుణ్ణి చూడాలని పురాణశ్రవణంలో వినడం సులువు. అలసిపోయి, ఆకలేసి, టికెట్ పోయినప్పుడు చూడగలిగితే ఆ వినికిడి ఫలించినట్టు.

పొదుపు పేరు చెప్పి జరిగే ఒక పాపం గురించి ఇక్కడ చెప్పాలి. వేలు పోసి విమానమెక్కి వచ్చి, నోమ్ పెన్ వీధిలో కొబ్బరిబోండాలు అమ్ముకునే మనిషి దగ్గర పది రూపాయలకు గీచి గీచి బేరమాడటం పొదుపు కాదు, అది హింస. బౌద్ధవిహారంలో పెట్టిన అన్నం ఆకలి లేకపోయినా ఉచితమని తినడమూ అంతే. తన ఖర్చు తగ్గించుకోవడం తపస్సు, ఎదుటివాడి కూలి తగ్గించడం దొంగతనం. ఈ గీత చెరిపేసుకున్నవాడు ఎన్ని క్షేత్రాలు తిరిగినా చేరేది ఎక్కడికీ లేదు. వంతు ఎంతో తెలుసుకుని అంతే అనుభవించమని ఈశావాస్యం మొదటి మంత్రంలోనే చెప్పింది.

వంతు అంటే ఏమిటో కృష్ణా డెల్టా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, శివారు పొలానికి నీరు చేరిందా లేదా అన్నదే మన ఊళ్ల కలహం, మన ఊళ్ల ధర్మం. ఆ రైతుదంపతులు బాలిలో సుబాక్ పొలాలు చూడాలి. అక్కడ ఒక కాలువ కింద సాగు చేసేవాళ్లంతా ఒక సంఘం. నీటి వంతుల మాట గుళ్లో, పూజల పంచాంగంతో ముడిపడి నడుస్తుంది. బతూర్ సరస్సు దగ్గర ఉలున్ దాను అమ్మవారి గుడి ఆ నీళ్లన్నిటికీ తల్లి. 2012లో యునెస్కో ఆ నేలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మెట్లు మెట్లుగా దిగే ఆ మడుల దగ్గర ఫొటో తీసుకుని పోవడం అందరూ చేసే పనే. పైమడి నుంచి కిందమడికి నీరు వదిలే గండి దగ్గర కాసేపు కూర్చోవడం మనవాళ్లు చేయగల పని. పైవాడు తన వంతు తీసుకుని మిగతాది వదిలితేనే కిందివాడి చేను పండుతుంది. మితంగా తిరగడంలోని ధర్మమూ అదే.

బాలిలో ఇంకో రోజు ఉంది. న్యేపీ అంటారు. వాళ్ల శకసంవత్సరాది. 2023లో మన ఉగాదీ న్యేపీ రెండూ మార్చి 22నే వచ్చాయి, 2026లో రెండూ మార్చి 19న. ఇరువైపులా అధికమాసం లెక్క వేరు కనుక ఒక్కో ఏడు తేడా వస్తుంది. 2024లో న్యేపీ మార్చి 11న, మన ఉగాది ఏప్రిల్ 9న. ఆ రోజు తెల్లవారుజామునుంచి మర్నాడు తెల్లవారుజాము దాకా నాలుగు మానాలి. నిప్పు, పని, ప్రయాణం, వినోదం. వీధిలోకి ఎవరూ రాకూడదు, దీపం బయటికి కనబడకూడదు. అంతర్జాతీయ విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. వచ్చిన యాత్రికుడైనా గదిలో ఉండాల్సిందే.

మనం కొత్త సంవత్సరాన్ని తలంటుతో, షడ్రుచులతో, పంచాంగశ్రవణంతో పిలుస్తాం. వాళ్లు నిశ్శబ్దంతో పిలుస్తారు. రెండూ ఒకే చాంద్రమానపు బిడ్డలు. డబ్బు లెక్కవేసుకుని అంత దూరం వచ్చిన జంటకు ఒక రోజంతా ఎక్కడికీ పోవద్దంటే మొదట నష్టమనిపిస్తుంది. కానీ ఇంద్రకీలం మీద అర్జునుడు విన్న ‘ఆగు’ ఇదే. కాశీకి బయలుదేరిన వరుడికి బావమరిది చెప్పిన ‘ఆగు’ కూడా ఇదే. చూడాల్సినవి అయిపోయాక, ఫోన్ పక్కన పెట్టాక, చీకటి గదిలో ఇద్దరు మనుషులు మిగులుతారు. ఇన్నేళ్ల కాపురంలో పిల్లల మాట, డబ్బు మాట, చుట్టాల మాట తీసేస్తే తమ మధ్య ఏముందో తెలుసుకునే అవకాశం అది. ధ్యానానికి ఒకరే కూర్చోవాలని అందరూ అంటారు. ఇద్దరు కలిసి మాట లేకుండా కూర్చోవడం అంతకన్నా కష్టం, అంతకన్నా లోతు. కిరాతార్జునుల పోరు జరుగుతున్నంతసేపూ ఉమాదేవి ఎదుటే ఉంది. నేను చదివినంతలో ఆ పోరు మధ్య ఆమె నోట ఒక్క మాట లేదు. తోడు రావడం అంటే అదే కావచ్చు.

ఇది చదివి బయలుదేరాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులను 30 రోజుల దాకా వీసా లేకుండా రానిస్తోంది. వియత్నాం ఈ-వీసాకు 25 డాలర్లు, ఇండోనేసియా 30 రోజుల వీసాకు వాళ్ల నాణెంలో 5 లక్షల రూపయ్యలు, బాలిలో అడుగుపెట్టడానికి పైన లక్షన్నర రూపయ్యల రుసుం. ఆంగ్‌కోర్ గుళ్లకు ఒక్క రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62. ఈ నిబంధనలు మారుతుంటాయి, టికెట్ తీసుకునే ముందు ఆయా ప్రభుత్వాల సైట్లలో చూసుకోండి. వైద్యబీమా లేకుండా కదలకండి, ఆ డబ్బు మిగల్చడం పొదుపు కాదు. మోకాళ్లు సహకరించే వయసులోనే వెళ్లండి. చాలా ఇళ్లల్లో ఆయనకు పాస్‌పోర్ట్ ఉంటుంది, ఆవిడకు ఉండదు. సాధారణ పాస్‌పోర్ట్ ఫీజు 1500 రూపాయలు, అరవై దాటినవాళ్లకు అందులో పదో వంతు తగ్గుతుంది. మీ ఇంట్లో కూడా అలాగే ఉంటే, ఏ దేశమన్న ఆలోచన తరువాత, ముందు ఆవిడ పాస్‌పోర్ట్ చేయించండి.